సంగీత గడియారము – దాని మీది పేరు

తెలుగున మనము వాడు ‘గడియారము’ అను మాట గడియార యంత్రముకంటె చాల పాతది. సంస్కృతమున ‘ఘటిక’ యనగా చిన్న కుండ. దానినుండియే మన ‘గడియ’ వచ్చినది. అడుగున సన్నని రంధ్రము గల రాగి కుడుకను నీటిపై తేలవిడిచినచో, నీరు మెల్లమెల్లగ లోనికి ఊరి, కొంతసేపటికి కుడుక మునిగిపోవును. అట్లు మునుగుటకు పట్టు కాలము ఒక గడియ. నేటి లెక్కలో 24 నిమిషములు. పగలు, రాత్రి కలిసి 60 గడియలు. ఏడున్నర గడియలు ఒక జాము. ఈ పాత్రను మన పెద్దలు గడియకుడుక అనిరి. ఉర్దూలోని ‘ఘడీ’ అను మాటకును ఇదియే పుట్టుక. మన కళాశాలలో ఉర్దూ మాధ్యమపు విద్యార్థి ‘ఘడీ’ అన్నను, తెలుగు విద్యార్థి ‘గడియారము’ అన్నను, ఇరువురును తెలియకయే ఆ నీటి కుండను తలచుకొనుచున్నారు.

16వ శతాబ్దపు మొదటి భాగమున హిందూస్థానమునకు వచ్చిన బాబరు తన ఆత్మకథలో ఈ పద్ధతిని ఆసక్తితో వర్ణించినాడు. ప్రధాన పట్టణములలో ‘ఘడియాలీ’ అను ఉద్యోగులు ఉండెడివారు. వారు కుడుక మునిగినప్పుడెల్ల, ఎత్తైన చోట వ్రేలాడగట్టిన కంచు పలకను, అనగా మనము జేగంట యనుదానిని, కొయ్య సుత్తితో కొట్టెడివారు. ఇందొక చిక్కు కలదు. రాత్రి నిద్రనుండి మేల్కొనినవానికి మూడు దెబ్బలో నాలుగు దెబ్బలో వినిపించును గాని, అవి ఏ జాములోని గడియలో తెలియదు. కావున గడియల దెబ్బలు కొట్టిన పిమ్మట కొంచెము ఆగి, జాము సంఖ్యను గూడ కొట్టవలెనని బాబరు ఆజ్ఞాపించెను. ఒక చక్రవర్తి యుద్ధముల నడుమ ఇంత చిన్న విషయమును పట్టించుకొనుట నాకు ముచ్చటగ తోచును.

ఈ నీటి గడియారమున ఒక విశేషము కలదు. దానిలో మనిషి కూడ ఒక భాగము. కుడుకను తిరిగి తేల్చువాడు, లెక్క గుర్తుంచుకొనువాడు, గంట కొట్టువాడు లేనిదే కాలము సాగదు. యంత్ర గడియారము వచ్చిన తరువాత ఆ మనిషి మాయమైనాడు. లేక, కొన్ని గడియారములలో చిన్న బొమ్మగ మారి మిగిలినాడు. అట్టి బొమ్మ ఒకటి హైదరాబాదులో నేటికిని గంటగంటకు బయటికి వచ్చి జేగంట కొట్టుచున్నది. ఈ వ్యాసము ఆ గడియారమును గూర్చినది.

చేవెళ్లలోను, మొయినాబాదులోను మెహిదీపట్నం బస్సు ఎక్కి నగరమునకు పోవు మన విద్యార్థులలో సాలార్ జంగ్ మ్యూజియం చూడనివారు అరుదుగ నుందురు. చూచినవారికి అచ్చటి సంగీత గడియారమును వర్ణించి చెప్పవలసిన పని లేదు. దాని యెదుట ఆసనములు వేసి యుండును. గంట కావచ్చిన సమయమునకు ఇతర గదులలోని జనులు పాలరాతి శిల్పములను, దంతపు పనులను విడిచి అచ్చటికి చేరుదురు. గంటకు కొద్ది నిమిషముల ముందు పై అంతస్తులోని చిన్న తలుపు తెరచుకొనును. ఒక బొమ్మ మనిషి బయటికి వచ్చి, సమయమెంతయో అన్ని దెబ్బలు జేగంటపై కొట్టి, తిరిగి లోనికి పోవును. వేరొక ప్రక్క గడ్డము గల కమ్మరి బొమ్మ సుత్తెతో క్షణక్షణమునకు దెబ్బ వేయుచునే యుండును. మధ్యాహ్నము 12 గంటలకు జనసందోహము మిక్కుటము; 12 దెబ్బలు ఒకేసారి వినవచ్చును గదా! అందులో 350కి పైబడిన భాగములు కలవని చెప్పుదురు.

మ్యూజియం చరిత్ర క్లుప్తముగ చెప్పుకొందము. మూడవ సాలార్ జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1889లో జన్మించి, 1912 మొదలు 1914 వరకు నిజాం ప్రభుత్వమున ప్రధానమంత్రిగ నుండి, పదవి విడిచిన పిదప తన జీవితమును, ధనమును కళాఖండముల సేకరణకు వినియోగించి 1949లో గతించినాడు. ఆయనయు, ఆయన పూర్వులును కూడబెట్టిన వస్తువులతో 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో మ్యూజియం ప్రారంభమైనది. నెహ్రూ దానిని ప్రారంభించినారు. 1961లో పార్లమెంటు దానిని జాతీయ ప్రాముఖ్యము గల సంస్థగ ప్రకటించినది. 1968లో మూసీ నది దక్షిణపు ఒడ్డుననున్న ప్రస్తుత భవనమునకు మారినది. సంగీత గడియారమే కాక, ఫ్రాన్సు, ఇంగ్లండు, స్విట్జర్లాండు, జర్మనీ మున్నగు దేశముల గడియారములు అందు అనేకము కలవు. అయినను జనుల మనస్సులలో నిలుచునది ఇది ఒక్కటియే.

ఇక మన ప్రశ్న. దీనిని చేసినవారెవరు?

గడియారముపై ‘కుక్ అండ్ కెల్వీ’ అను పేరు కలదు. కనుక చేసినవారు వారేనని చూచువారు తలంతురు; గైడులును అట్లే చెప్పుదురు. రాబర్ట్ థామస్ కుక్, చార్లెస్ కెల్వీ అను ఇద్దరు ఆంగ్లేయులు 1858లో కలకత్తాలో స్థాపించిన వర్తక సంస్థ అది. 1858 అనగా కంపెనీ పాలన ముగిసి రాణి పాలన వచ్చిన సంవత్సరము. ఆభరణములు, వెండి సామగ్రి, గడియారములు వారి వ్యాపారము. ఉన్నతాధికారులు, జమీందారులు, సంస్థానాధీశులు వారి ఖాతాదారులు. వారిని గూర్చి సామాన్య పాఠకునకు ఇంతకు మించి తెలియదు. సంస్థ పేరు బ్రతికినది గాని ఆ ఇద్దరు మనుష్యులు చరిత్రలో మరుగుపడినారు. మన గడియారమునకు కావలసిన భాగములు ఇంగ్లండులో తయారై వచ్చినవనియు, కలకత్తాలో కూర్పబడినవనియు చెప్పుదురు. ఈ వాక్యమును మనము త్వరగ దాటిపోరాదు. ఇందులోనే గడియారముల చరిత్ర చదువువారికి ముఖ్యమైన పాఠము కలదు.

19వ శతాబ్దమున ఇంగ్లండులో గడియారము ఒక్కని చేతిపని కాదు. లండనులోని క్లర్కెన్‌వెల్ ప్రాంతమున వీధివీధికి వేరువేరు పనులవారు ఉండెడివారు. ఒకడు పళ్లచక్రములు కోయును. ఒకడు స్ప్రింగులు చేయును. ఇంకొకడు గంటల అంకెలు గల ముఖఫలకమును వ్రాయును. పెట్టెను వడ్రంగి చేయును. దానిపై ఇత్తడి అలంకారములు పోతపోయువాడు వేరు. ఇన్ని చేతుల పని ముగిసిన పిమ్మట, దానిని అమ్మజూపు దుకాణము వాని పేరు ముఖఫలకముపై చెక్కబడును. లండను, ఎడింబరో, కలకత్తా, మద్రాసు, ఎచ్చట అమ్ముడుపోవలెనో అచ్చటి పేరు. మద్రాసు మౌంటు రోడ్డులోని పి. ఆర్ అండ్ సన్స్ వారి పేరుతో దక్షిణ దేశమున కనిపించు గోడ గడియారములను చూచునప్పుడును ఈ విషయము జ్ఞప్తియందుంచుకొనవలెను. గడియారముపై నున్న పేరు పుస్తకముపై రచయిత పేరు వంటిది కాదు. ప్రచురణకర్త పేరు వంటిది.

అటులైన కుక్ అండ్ కెల్వీ వారి గొప్ప ఏమియు లేదా యని అడుగవచ్చును. కలదు. వందల భాగములను కూర్చి, ఒక్కొక్క దంతము మరియొక దంతముతో సరిగ కలియునట్లు సవరించి, బొమ్మ నడకను గంట దెబ్బతో జతపరచి, ఈ దేశపు వేడిలోను, తేమలోను నడచునట్లు చేయుట చిన్న పని కాదు. ఆ పనిని కలకత్తా కర్మాగారమున ఏ చేతులు చేసినవి? అచ్చట ఆంగ్లేయ నిపుణులతోపాటు బెంగాలీ పనివారును ఉండియుందురని ఊహించుటకు అవకాశము కలదు. కాని ముఖఫలకముపై వారికి చోటు లేదు.

ఇదే కాలమునకు కొంత ముందు, భూగోళమునకు ఆవలి ప్రక్కన, మరియొక ఆంగ్ల వలసలో ఇట్టి స్థితియే యుండినది. 18వ శతాబ్దపు అమెరికా వలసలలో ఒక మోస్తరు పట్టణములలో గడియారపు పనివారు ఉండిరి. వారును ఇత్తడిని, స్ప్రింగులను, కొన్ని పర్యాయములు యంత్రమంతటిని ఇంగ్లండునుండి తెప్పించుకొని, స్థానిక వడ్రంగిచేత నిలువెత్తు పెట్టె చేయించి, ముఖఫలకముపై తమ పేరును, ఊరి పేరును వ్రాయించెడివారు. వారిలో అనేకుల జీవితమును గూర్చి నేడు మిగిలినది అంతియే: ఒక గడియారము, దానిపై ఒక పేరు, పన్నుల జాబితాలోనో పాత వార్తాపత్రికలోని ప్రకటనలోనో ఒక పంక్తి. అచ్చటి చరిత్రకారులు అట్టి చిన్న పనివారిని ఒక్కొక్కరిని వెదకి గ్రంథములు వ్రాసినారు.

ఆ వలసలలో ఒకనిని గూర్చి మన విద్యార్థులు తప్పక తెలిసికొనవలెను. పేరు బెంజమిన్ బానెకర్. 1731లో మేరీలాండులో పుట్టిన స్వతంత్ర నల్లజాతీయుడు. తండ్రి బానిసత్వమునుండి విముక్తి పొందినవాడు. పొగాకు పండించు చిన్న కమతము వారిది. సుమారు 22 ఏండ్ల వయస్సున, 1753 ప్రాంతమున, ఒక జేబు గడియారమును ఎరువు తెచ్చుకొని, విప్పి, చక్రముల పళ్లను లెక్కించి, ఆ లెక్కను పెంచి, కొయ్యతో చక్రములు చెక్కి గంట కొట్టు గడియారమును చేసినాడు. ఇంగ్లండునుండి యంత్రము తెప్పించుకొనుటకు అతనికి స్తోమత లేదు. కొయ్య గడియారము దశాబ్దములు నడచినది. చూచుటకు జనులు వచ్చెడివారు. తరువాత ఖగోళ గణితమును స్వయముగ నేర్చి, 1792 మొదలు 1797 వరకు పంచాంగములు ప్రకటించినాడు. సూర్యోదయాస్తమయములు, గ్రహణములు లెక్కగట్టినవాడు నల్లవాడని నమ్మలేనివారు ఆనాడు అనేకులు. 1791లో అతడు జెఫర్సనుకు లేఖ వ్రాసి, మనుష్యులందరు సమానులని ప్రకటించినవారే మనుష్యులను బానిసలుగ నుంచుకొనుటను ప్రశ్నించినాడు.

అతని పొరుగుననే ఎలికాట్ కుటుంబము నివసించెను. వారిలో జోసెఫ్ ఎలికాట్ 1769లో నాలుగు ముఖములు గల సంగీత గడియారమును చేసినాడు. అది నేటికిని మిగిలియున్నది. బానెకర్ గడియారము మిగులలేదు. 1806 అక్టోబరులో అతడు మరణించినాడు. అంత్యక్రియలు జరుగుచుండగనే ఇల్లు నిప్పంటుకొని, కొయ్య గడియారముతో సహా కాలిపోయినది. అంతకు ముందే వేరొకరి చేతికి చేర్చబడిన లెక్కల పుస్తకము మాత్రము దక్కినది. అచ్చట చేసినవాని పేరు మనకు తెలియును, గడియారము లేదు. హైదరాబాదులో గడియారము ఉన్నది, నడచుచున్నది. దానిని నిజముగ చెక్కిన చేతుల పేరు లేదు.

ఇట్టి యంత్రము లోపల జరుగునదేమో కొంచెము తెలిసికొన్న గాని ఆ చేతుల పని విలువ తెలియదు. పెట్టె గడియారమున చుట్టిన స్ప్రింగు శక్తినిచ్చును. స్తంభముల గడియారములలో బరువులు క్రిందికి దిగుచు శక్తినిచ్చును. ఆ శక్తిని యథేచ్ఛగ విడిచినచో చక్రములన్నియు గిరగిర తిరిగి కొద్ది నిమిషములలో ఆగిపోవును. దానిని కొద్దికొద్దిగ విడుచు భాగమునకు ఎస్కేప్‌మెంటు అని పేరు. లంగరు ఆకారము గల ఒక చిన్న ముక్క అటునిటు ఊగుచు, ప్రతి ఊపునకు చక్రపు ఒక్క పంటిని మాత్రమే దాటనిచ్చును. మనము వినెడి ‘టిక్, టిక్’ అను చప్పుడు పన్ను లంగరును తాకు చప్పుడే. ఆ ఊపునకు క్రమము నిచ్చునది లోలకము. ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కకు సరిగ ఒక్క సెకండులో ఊగవలెనన్న లోలకము పొడవు ఇంచుమించు 99 సెంటీమీటర్లు ఉండవలెను. మన భౌతిక శాస్త్ర ప్రయోగశాలలో దీనిని ఎవరైనను సరిచూచుకొనవచ్చును.

గంట కొట్టుటకు వేరొక చక్రమాల కలదు. రోజునకు దాని శ్రమ ఎంతయో లెక్కింపుడు. 1 మొదలు 12 వరకు కూడినచో 78. పగటికి, రాత్రికి కలిపి 156 దెబ్బలు. సంగీత గడియారమున దీనికి తోడు బొమ్మ రాకపోకలు, తలుపు తెరచుట, మూయుట ఉన్నవి. కమ్మరి దెబ్బలు సెకండుకు ఒకటి చొప్పున రోజునకు 86,400. ఇన్ని కదలికలు గల యంత్రము నూరేండ్లకు మించి పని చేయుచున్నదన్నచో, అరిగిన ఇరుసులను ఎన్ని పర్యాయములు మార్చియుందురో, ఎండిన నూనెను ఎన్ని పర్యాయములు తుడిచియుందురో ఊహించుకొనుడు.

మన ప్రాంతపు ఎండ గూడ గడియారమునకు శత్రువే. ఇనుప కడ్డీ వేడికి సాగును. ఒక డిగ్రీ సెంటీగ్రేడునకు పొడవులో పది లక్షలకు 12 పాళ్లు. చలికాలమునకును వేసవికిని గదిలో 15 డిగ్రీల తేడా యున్నదనుకొన్నచో, లోలకము సాగుటవలన గడియారము రోజునకు సుమారు 8 సెకండ్లు వెనుకబడును. నెలకు నాలుగు నిమిషములు. లోలకపు గుండు క్రిందనున్న చిన్న మరను త్రిప్పి గుండును కొంచెము పైకి లేపుట దీనికి మందు. పాత ఇండ్లలో పెద్దలు వేసవి రాగానే ‘గడియారము మెల్లగైనది’ అని మర త్రిప్పుటకు కారణమిది. మూఢాచారము కాదు.

ఇంతవరకు పెట్టె గడియారముల మాట. నగర వీధులలోని గడియారములు వేరు తీరు. 1591లో నిర్మింపబడిన చార్మినారుకు 1889లో నాలుగు దిక్కుల నాలుగు గడియారములు అమర్చినారు. దాని దాపుననే మహబూబ్ చౌక్ గడియార స్తంభమును 1892లో ప్రధానమంత్రి ఆస్మాన్ జా నిర్మింపజేసినాడు. సికింద్రాబాదు గడియార స్తంభము 120 అడుగుల ఎత్తు గలది. 1897 ఫిబ్రవరి 1న బ్రిటిషు రెసిడెంటు ట్రెవర్ ప్లౌడెన్ దానిని ప్రారంభించినాడు. అందలి గడియారము దివాన్ బహదూర్ సేఠ్ లక్ష్మీనారాయణ్ రామ్‌గోపాల్ దానము. రామ్‌గోపాల్‌పేట పేరు ఆయనదే. ప్రారంభించినవాని పేరు, దానమిచ్చినవాని పేరు, కట్టించిన మంత్రి పేరు, అన్నియు మనకు తెలియును. వారమునకొకసారి ఇరుకైన మెట్లెక్కి, బరువులను పైకి చుట్టి, దుమ్ము తుడిచి, ముల్లు సరిచేసి దిగినవాని పేరు ఏ శిలాఫలకము మీదను చూడలేము. బాబరు కాలపు ఘడియాలీ అంతర్ధానము కాలేదని దీనివలన తెలియుచున్నది. బొమ్మ మనకు కనిపించును, అతడు కనిపించడు.

ఈ గడియారములు చూపిన కాలము ఏది అను ప్రశ్న కూడ కలదు. ఈ దేశమున ఒకప్పుడు ఊరికొక కాలము. తలపైకి సూర్యుడు వచ్చినపుడు మధ్యాహ్నము. రైళ్లు వచ్చిన పిదప ఇది సాగలేదు. రైల్వేలు మద్రాసు వేధశాల కాలమును పాటించినవి. 1906 జనవరి 1న భారత ప్రామాణిక కాలము అమలులోనికి వచ్చినది. కలకత్తా మాత్రము తన సొంత కాలమును 1948 వరకు విడువలేదు. కుక్ అండ్ కెల్వీ దుకాణములోని గడియారములును, ఇచ్చటి గడియారములును చాల కాలము ఒకే క్షణమున 12 కొట్టలేదన్నమాట. ప్రామాణిక కాలము 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమునకు చెందినది. అది మన తెలుగు నేలలో కాకినాడకు సమీపముగ పోవును. చేవెళ్ల 78 డిగ్రీల 8 నిమిషముల రేఖాంశమున ఉన్నది. డిగ్రీకి నాలుగు నిమిషముల చొప్పున లెక్కించినచో మన సూర్యుడు గడియారముకంటె సగటున పదిహేడున్నర నిమిషములు వెనుక. సంగీత గడియారపు బొమ్మ 12 దెబ్బలు కొట్టి లోపలికి పోయిన తరువాత గాని చేవెళ్లలో నిజమైన మధ్యాహ్నము కాదు.

‘సగటున’ అనుటకు కారణము కలదు. భూమి సూర్యుని చుట్టు తిరుగు వేగము ఏడాది పొడవున ఒక్క తీరుగ నుండదు. దాని ఇరుసును వాలియున్నది. అందుచేత నవంబరు మొదటి వారమున మన ఊరి మధ్యాహ్నము గడియారములో 12 గంటల 1 నిమిషమునకే వచ్చును. ఫిబ్రవరి రెండవ వారమున 12 గంటల 32 నిమిషములకు గాని రాదు. మసీదు గోడపై నుండు నమాజు వేళల పట్టికలో జుహర్ వేళ నెలనెలకు మారుటకును, పంచాంగకర్త స్థానిక సవరణ చెప్పుటకును మూలము ఇదియే. కళాశాల ఆవరణలో నిలువు కర్ర పాతి, దాని నీడ మిక్కిలి పొట్టిగ నుండు క్షణమును చేతి గడియారముతో పోల్చి చూచిన విద్యార్థికి ఈ వ్యత్యాసము పుస్తకముకంటె బాగుగ అర్థమగును.

గడియారములు చేయుట ఈ నేలకు తరువాత రాకపోలేదు. 1942లో హైదరాబాదున పుట్టిన ఆల్విన్ సంస్థ 1980వ దశకమున జపాను దేశపు సైకో వారి సహకారముతో చేతి గడియారములు తయారుచేసినది. మన తండ్రుల తరము పెండ్లిండ్లలో ఆల్విన్ గడియారము కానుక గౌరవమైనది. ఆ తయారీ ఆగిపోయి చాల కాలమైనది. నేడు ప్రతివాని జేబులో ఫోను కాలమును చెప్పుచున్నది. దానికి చావి ఇచ్చువాడు అక్కరలేదు. పాత గడియారములు మూలబడుటకు ఇదియొక కారణము. బాగుచేయువారు తగ్గిపోవుట మరియొకటి. ఒక పాత గడియారపు దుకాణము మూతబడినచో దానితోపాటు ఏ చక్రమునకు ఏ లోపము వచ్చునో ఎరిగిన జ్ఞానము కూడ పోవును. అది ఏ పుస్తకములోను వ్రాయబడి యుండదు.

అయినను ఆ పనివారు తమ గుర్తులను పూర్తిగ దాచలేదు. ముఖఫలకము వెనుక, యంత్రమును పట్టియుంచు ఇత్తడి పలకపై, గడియారము బాగుచేసినవారు సూదిమొనతో సన్నగ తమ పేరునో, మొదటి అక్షరములనో, తేదీనో గీయుట లోకమంతట గల అలవాటు. మరల ఎప్పుడైన తమ వద్దకు వచ్చినచో ముందు ఏమి చేసితిమో తెలియుటకు అది వారి లెక్క. యజమానులకు కనిపించదు, చరిత్రకారునకు అది శాసనమంత విలువైనది. ఒక గడియారములో నాలుగైదు చేతుల గీతలు ఉన్నచో, దాని జీవితచరిత్ర చాలవరకు దొరికినట్లే.

చేవెళ్ల, మొయినాబాదు పరిసర గ్రామములనుండి వచ్చు విద్యార్థులు సెలవులలో ఈ పనికి పూనుకొనవచ్చును. మసీదులోనో, పాత బడిలోనో, పెద్దల ఇంటి దూలము క్రిందనో ఆగియున్న గోడ గడియారము కనిపించినచో, మొదట యజమాని అనుమతి పొందవలెను. ముఖఫలకముపై పేరును, ఊరును వ్రాసికొనవలెను. ఆ పేరు అమ్మినవానిదో చేసినవానిదో వెంటనే తేల్చివేయరాదు. వెనుక పలకపై వేరొక గుర్తు ఉన్నచో యంత్రము వేరొక చోటినుండి వచ్చినదని తెలియును. ఇంటిలోని వృద్ధులను, దానిని ఎవరు తెచ్చిరి, ఎవరు చావి ఇచ్చెడివారు, ఎవరిచేత బాగుచేయించిరి అని అడుగవలెను. ఈ మూడవ ప్రశ్నను మరువరాదు. యంత్రమును మాత్రము స్వయముగ విప్పరాదు. బిగించియున్న స్ప్రింగు ఒక్కసారి విడివడినచో వ్రేళ్లు తెగును. పని ఎరిగినవానిచేతనే తెరిపించి, దీపము పట్టి, కనిపించిన గీతలను ఉన్నవి ఉన్నట్లు కాగితముపై దింపుకొనవలెను. తేదీలు హిజ్రీలో ఉండవచ్చును, ఫసలీలో ఉండవచ్చును. వానిని మార్చక వ్రాసికొని, ప్రక్కన క్రీస్తుశకము లెక్కగట్టవలెను. హైదరాబాదు ఫసలీ సంవత్సరము అక్టోబరులో ఆజుర్ నెలతో మొదలగును గనుక, అక్టోబరు మొదలు డిసెంబరు వరకు గల తేదీకి 590, జనవరి తరువాతి తేదీకి 591 కూడిన సరిపోవును. 1357 ఫసలీ ఆజుర్ అని గీసియున్నచో అది 1947 అక్టోబరు, నవంబరుల నాటి పని.